‘గోపాలరావు మారలేదు’ అని రాస్తే సున్నా వెయ్యొచ్చా?

ఉప్పుటేరు:
మా అమ్మాయి తెలుగు పరీక్షలో ‘దిద్దుబాటు’ మీద ప్రశ్న వచ్చింది. గోపాలరావులో మార్పుకు కారణం ఏమిటని. మారలేదు, భయపడ్డాడంతే అని రాసింది. నాలుగు మార్కులకి సున్నా. పక్కన ఎర్రసిరాతో ‘పశ్చాత్తాపం’ అని ఒక్క మాట. కథ గుర్తులేనివాళ్ళకి: గురజాడ 1910లో రాసింది. సాని పాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు, పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంటుంది. బతిమాలి తీసుకురమ్మని నౌకరు రాముణ్ణి పురమాయిస్తాడు. తీరా చూస్తే ఆవిడ మంచం కిందే ఉంది. ఆ సున్నా న్యాయమేనా?

చాక్‌పీసు:
సున్నా ఎక్కువే. కానీ పాప రాసింది తప్పే అంటాను. చదువుకున్న భార్య తిట్టకుండా, కొట్టకుండా మొగుణ్ణి దారిలో పెట్టిందని చెప్పడానికే గురజాడ ఈ కథ రాశాడు. 1910 నాటి కథని ఇప్పటి కళ్ళతో చూసి, మగాళ్ళంతా అంతే అంటే ఎలా? రాముణ్ణి గుద్దినప్పుడు కూడా అతను దయగలవాడని రచయితే చెబుతాడు. వెంటనే నొచ్చుకుని వాడి వీపు నిమురుతాడు.

పిప్పరమెంటు:
మాస్టారూ, ఆ ‘దయగలవాడు’ ఎక్కడొచ్చిందో చూడండి. పాపం రాముడు వీపు మీద గుద్దులు తిని నేల కూలబడ్డాక! గురజాడ లోపల నవ్వుకోకుండా ఆ మాట రాశాడంటే నేను నమ్మను.

ఇంకోటి. కమలినితో ఏం చెప్పాలో రాముడికి నేర్పుతాడు కదా. ఇక సానుల పాట వినరు, రాత్రిళ్ళు ఇల్లు కదలరు, గడ్డం పట్టుకుని బతిమాలారు, అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యలో, లోపాలు బయటపెట్టొద్దన్నారని కూడా చెప్పమంటాడు. అది పశ్చాత్తాపమా, పరువు గురించి టెన్షనా? తర్వాత రాముడు సొంత పాఠం అప్పజెప్తాడు: ఆడవాళ్ళు యజమాని చెప్పినట్టు పడుండాలి, లేకపోతే అయ్యగారు కూడా సానిని ఉంచుకుంటారని. వినగానే ‘డామిట్’ అంటూ కుర్చీలోంచి లేస్తాడు, రాముడు బయటికి పరుగు. ఇందాక గుద్ది నొచ్చుకున్న మనిషే ఇతను!

చాక్‌పీసు:
ఆ కోపం ఎందుకొచ్చిందో చూడాలి కదండీ. తన భార్యతో రాముడు అనకూడని మాట అనబోయాడని. మారాడు కాబట్టే మండింది.

పిప్పరమెంటు:
ఉన్నమాటంటే ఉలుకెక్కువని కూడా అనుకోవచ్చు.

గోదారిగట్టు:
ఇద్దరూ మగాడి చుట్టే తిరుగుతున్నారు. కమలిని సంగతేంటి? నేను ఇంట్లో ఉండబట్టే మీకు అబద్ధాలాడాల్సి వస్తోంది, పుట్టింట్లో ఉంటే మీ స్వేచ్ఛకి అడ్డుండదు అని రాస్తుంది ఉత్తరంలో. చెప్పు మెత్తని గుడ్డలో చుట్టి కొట్టడమంటే ఇదే. మొగుడు నౌకరుకి స్త్రీవిద్య మీద ఇచ్చిన ఉపన్యాసం కూడా మంచం కిందినుంచి విని ఉంటుంది. ఆఖర్న మనకి వినపడేది ఆవిడ నవ్వు, గాజుల మోత. పల్లెత్తు మాటనదు. క్షమించి నవ్విందా, రాముడి తెలివికి నవ్విందా? మా వాడి గైడులో మాత్రం ‘కమలిని భర్తను క్షమించినది’ అని ఉంది. ఏ వాక్యంలో ఉందో ఆ గైడు రాసినాయన్నే అడగాలి.

భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ (1902) పక్కన పెట్టి చదవండి. తొలి తెలుగు కథ ఏదన్న పాత గొడవ ఇప్పుడొద్దు గానీ, అక్కడ మొగుడు దొంగిలించి తెచ్చిన డబ్బు భార్య ముట్టదు, తిరిగి ఇచ్చెయ్యమని మొహం మీదే చెబుతుంది. గోపాలరావు నోటితో ఒట్లు పెట్టుకున్నాడు సరే, మర్నాటి రాత్రి ఇంట్లో ఉన్నాడో లేదో మనకి తెలీదు. కథ ఆ రాత్రే అయిపోయింది.

చాక్‌పీసు:
ఇది ఆలోచించాల్సిందే. ఉప్పుటేరు గారూ, పాప ఉత్తినే ‘భయపడ్డాడు’ అని ఊరుకుందా, కథలోంచి ఏమైనా చూపించిందా?

ఉప్పుటేరు:
లోపాలు బయటపెట్టొద్దన్నాడని రాసిందండీ. ‘డామిట్’ సంగతి రాయలేదు.

చాక్‌పీసు:
అయితే నేను మూడు వేస్తాను. అతను నొచ్చుకున్న మాటే ఎత్తనందుకు ఒకటి కోత. పేపరు పట్టుకెళ్ళి టీచరుగారికి ఆ వాక్యం చూపించండి, గొడవ పడకుండా.

పిప్పరమెంటు:
మరి ‘పశ్చాత్తాపం’ అని గైడులోది దింపేసినవాళ్ళకి ఎంత వేస్తారు మాస్టారూ? కథలోంచి ఒక్క ముక్కా చూపించకపోయినా నాలుగుకి నాలుగేనా?