కొజుమెల్‌లో డైవింగ్: హోటల్ బోటా, ఊళ్ళో చిన్న బోటా?

డాలస్_డాబా
డిసెంబర్ సెలవులకి మెక్సికోలోని కొజుమెల్ దీవికి వెళ్తున్నాం. ఇద్దరికీ ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి మెట్టు) ఉంది. మా ఆవిడది మరీ కొత్తది, ఇక్కడి లేక్‌లో చేసింది, సముద్రంలో ఇంకా దిగలేదు. హోటల్ వాళ్ళ డైవ్ షాపే తీసుకోవాలా, ఊళ్ళో చిన్న బోటు వాళ్ళని పట్టుకోవాలా? రేట్లు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. నాకు కళ్ళద్దాలు మైనస్ నాలుగు, మాస్క్ సంగతేంటి? ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ ఉంటే శనివారం ఉదయం దిగొచ్చా? శాకాహారం దొరుకుతుందా?

గోదారి_ఈతగాడు
బోటు సైజు తర్వాత, ముందు డబ్బు వాపసు సంగతి రాతలో అడగండి. శీతాకాలంలో అక్కడ ఉత్తరం గాలి లేస్తుంది, వాళ్ళు ‘నోర్తె’ అంటారు. లేచిందంటే పోర్టు మూసేస్తారు, ఒక్క బోటు కదలదు. అది షాపు వాళ్ళ చేతిలో లేదు, నిజమే. కానీ మా షాపు వాళ్ళు డబ్బులివ్వకుండా ‘క్రెడిట్ ఉంచుతాం, మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోండి’ అన్నారు. మళ్ళీ ఎప్పుడొస్తాం? మెక్సికో ఏమన్నా మా మేనత్తగారి ఊరా?

కరీంనగర్_కెరటం
చిన్న బోటు, పెద్ద బోటు కాదన్నా, అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘గ్రూపులో ఒకరికి గాలి అయిపోతే అందరినీ పైకి తీసుకొస్తారా?’ పాలన్కార్ రీఫ్‌లో బంగారంలాంటి డైవ్, తాబేలు పక్కనే పోతోంది, ఇంతలో ఒకాయన గాలి గేజ్ చూపించి చెయ్యూపాడు. గైడ్ అందరికీ బొటనవేలు పైకి చూపించాడు, అంటే ‘పైకి పదండి’ అని. నా ట్యాంక్‌లో సగం గాలి అట్లనే ఉంది. మంచి ఆపరేటర్ అయితే గాలి తగ్గిన జంటకి బెలూన్ కట్టి పైకి పంపిస్తాడు, వాళ్ళని బోటు ఎక్కించుకుంటుంది, మిగిలినవాళ్ళు ప్రవాహంతో పోతూనే ఉంటారు. అర్ధగంటకే ట్యాంక్ ఖాళీ చేసేవాళ్ళు పెద్ద బోట్లకి పోతే అందరికీ మంచిది.

బొద్దు_డైవర్
అంటే మేం డబ్బులు కట్టట్లేదా? ఒళ్ళున్నవాళ్ళకి గాలి ఎక్కువే కావాలి, దానికి ఏం చేస్తాం? ఫోరంలో పెట్టి మరీ అవమానించాలా?

కరీంనగర్_కెరటం
ఒళ్ళు మాట నేనెక్కడన్నా?

లోతుమనిషి
రెస్క్యూ, డైవ్‌మాస్టర్ కోర్సులు రెండూ చేసినవాడిగా చెప్తున్నాను, అందరూ వినండి. గాలికీ ఒంటి బరువుకీ మీరనుకున్నంత సంబంధం లేదు. ఇరవై మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి మూడింతలు, అంటే ప్రతి శ్వాసకీ మూడింతల గాలి పోతుంది. దానికి తోడు కిందికి దిగడానికి నడుముకి అక్కర్లేనంత సీసం కట్టుకుంటారు, మునిగిపోకుండా జాకెట్‌లో గాలి నింపుతారు, చేతులతో ఈత కొడతారు. కొజుమెల్‌లో ఈత కొట్టాల్సిన పనే లేదు, ప్రవాహమే తీసుకుపోతుంది. నాకు మామూలు ట్యాంక్ గంట దాటి వస్తుంది.

బొద్దు_డైవర్
మీ గొప్ప మీ దగ్గరే ఉంచుకోండి. ఈ లెక్క మాకు క్లాసులోనే చెప్పారు. నేను చెప్పేది డబ్బు మాట. కొన్ని షాపులు వంద, నూట ఇరవై సైజు (క్యూబిక్ అడుగుల లెక్క) స్టీల్ ట్యాంకులిస్తాయి, మామూలు అల్యూమినియంది ఎనభై. అది ఉందా లేదా అని ముందే ఈమెయిల్‌లో అడిగి బుక్ చేసుకోండి. నూట ఇరవై తీసుకుంటే కెరటం గారి తాబేలు దర్శనానికి నా వల్ల భంగం ఉండదు.

లోతుమనిషి
స్టీల్ తీసుకుంటే సీసం తగ్గించుకోవాలి, అది మర్చిపోకండి. స్టీల్ ఖాళీ అయినా తేలదు.

వైజాగ్_వాసు
ఇంత ఖర్చు పెట్టి మెక్సికో ఎందుకండీ? మన రుషికొండలో డైవింగ్ ఉంది, అండమాన్‌లో హేవ్‌లాక్ ఉంది.

కరీంనగర్_కెరటం
వాసు గారూ, ఆయన ఉండేది డాలస్‌లో. కొజుమెల్‌లో మంచి రోజున ముప్ఫై మీటర్ల దూరం కనిపిస్తుంది. రుషికొండలో చెయ్యి చాపితే వేళ్ళు కనిపిస్తే సంతోషం.

వైజాగ్_వాసు
ఎప్పుడు దిగారు మీరు? వానాకాలంలో దిగి ఊరి మీద అభాండం వేయకండి.

సుజాత_హ్యూస్టన్
మగవాళ్ళ గాలి లెక్కలు అయ్యాయా? డాబా గారూ, మీ ఆవిడ విషయం ఎవరూ ముట్టుకోలేదు. లేక్‌లో నేర్చుకున్నవాళ్ళకి అక్కడ మొదటి షాక్ ప్రవాహం. బోటు లంగరు వేసి మన కోసం ఆగదు, మన బుడగల వెంట వస్తుంది. అందుకే దూకగానే అందరూ కలిసి కిందికి వెళ్ళాలి, ఆవిడకి ఒత్తిడికి మూసుకున్న చెవులు తెరుచుకోక ఆలస్యమైతే గ్రూపు ముందుకి కొట్టుకుపోతుంది. ఆ సమయంలో ఆవిడతో ఎవరుంటారని అడగండి. కొత్తవాళ్ళనీ అనుభవం ఉన్నవాళ్ళనీ వేరే బోట్లలో వేస్తారా అని కూడా.

నాకు జరిగింది చెప్తాను. కార్డు వచ్చిన కొత్తలో మా గైడ్ బోటులో అందరికీ ‘ఇవాళ డెవిల్స్ త్రోట్’ అని ప్రకటించాడు. పుంటా సుర్ దగ్గరి సొరంగం అది, బయటికి వచ్చేది నలభై మీటర్ల దగ్గర. ఓపెన్ వాటర్ కార్డు పరిమితి పద్దెనిమిది. నేను కార్డు చూపించి దిగనన్నాను. ‘ఏం కాదు, నా వెనకే రా’ అన్నాడు. మిగతా అయిదుగురూ నన్ను చూసి ముఖాలు చిట్లించారు, అయినా బోటులోనే కూర్చున్నాను. రెండో డైవ్ పారడైజ్ రీఫ్‌లో, అదే నాకు నచ్చింది. కొజుమెల్ అనగానే అందరూ చెప్పే స్ప్లెండిడ్ టోడ్‌ఫిష్ అనే చేపని కూడా చూపించాడు, రాతి కింద గీతల మొహం, పసుపు రెక్కల అంచులు. గైడ్‌కి కన్ను ఉంది, బుద్ధే లేదు. ‘మొదటి రోజు ఎక్కడికి తీసుకెళ్తారు’ అన్నదానికి వాళ్ళ జవాబుని బట్టి షాపుని అంచనా వేయండి. మీ కార్డుల గురించి అడక్కుండా లోతు గురించి ఊరిస్తే ఇంకో షాపు చూసుకోండి.

లోతుమనిషి
డెవిల్స్ త్రోట్ నేను చేశాను. అంత భయపడాల్సింది ఏం లేదు.

సుజాత_హ్యూస్టన్
మీరు డైవ్‌మాస్టర్ కదా సార్. నేను అప్పుడు కాదు.

గోదారి_ఈతగాడు
ఫ్లైట్ గురించి: రోజుకి రెండేసి డైవ్‌లు చేస్తే, చివరిదాని తర్వాత కనీసం పద్దెనిమిది గంటలు ఆగమని డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, డైవర్ల భద్రత చూసే సంస్థ) వాళ్ళ సలహా. శనివారం ఒంటిగంటకి పైకొచ్చి ఆదివారం మధ్యాహ్నం ఎక్కితే ఇబ్బంది లేదు. సాయంత్రం ఇంకోటి వేద్దామని ఆశ పడకండి. ఇన్సూరెన్స్ వేరే తీసుకోండి. దీవిలో బెండ్స్‌కి, అంటే తొందరగా పైకొస్తే ఒంట్లో బుడగలు కట్టే జబ్బుకి, వైద్యం చేసే ప్రెషర్ చాంబర్ ఉంది గానీ బిల్లు చూస్తే మళ్ళీ బెండ్స్ వస్తాయి.

డాలస్_డాబా
అందరికీ థాంక్స్. గ్లోవ్స్ కొన్నాం, అవి తీసుకెళ్ళొచ్చా?

లోతుమనిషి
వద్దు. అది 1996 నుంచి మెరైన్ పార్క్. గ్లోవ్స్, కత్తి రెండూ నిషేధం. చేతికి తొడుగుంటే మనిషి పగడాన్ని పట్టుకోకుండా ఉండడు.

బొద్దు_డైవర్
ఇది మాత్రం సరిగ్గా చెప్పారు.

కరీంనగర్_కెరటం
మాస్క్‌కి రెడీమేడ్ మైనస్ లెన్సులు అర పాయింటు తేడాతో దొరుకుతాయి, డాలస్‌లోనే వేయించుకో అన్నా. సైట్‌తో పాటు కళ్ళద్దాల చీటీలో సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజంకి ఇచ్చేది) కూడా ఉంటే మాత్రం రెడీమేడ్‌వి సరిపోవు, వేరే చేయించాలి. లేదంటే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దిగు. మాస్క్‌లో నీళ్ళొస్తే కళ్ళు మూసుకో, లేకపోతే ఒకటి చేపలకి పోతుంది.