ఇంట్లో ఒక మనిషి, ఆఫీసులో ఇంకో మనిషి: ఇది సర్దుకుంటుందా?

కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. మేం విదేశానికి వచ్చి ఏడు నెలలైంది. మీటింగుల్లో మధ్యలో అందుకుని మాట్లాడ్డం, మేనేజర్ని పేరు పెట్టి పిలవడం అలవాటైంది. సాయంత్రం నాన్నకి ఫోన్ చేస్తే మాత్రం గొంతు దానంతటదే తగ్గిపోతుంది. మొన్న మా అమ్మాయి పక్కన కూర్చుని అంతా విని, "నాన్నా, ఇందులో నువ్వెవరు?" అంది. జవాబు తోచలేదు. కొన్నాళ్లకి ఇది సర్దుకుంటుందా?

పంతొమ్మిదేళ్లుగా బయట ఉంటున్న సభ్యుడు:
తమ్ముడూ, అది తర్వాత. ముందు ఇంటి ఓనరు దగ్గర ఏ మనిషిగా ఉండాలో తేల్చుకో. మా మొదటి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు గది గదీ తిరిగి, మేం రాకముందు నుంచీ ఉన్న మరకలు, కార్పెట్ చిరుగు అన్నీ మా లెక్కలో రాసేశాడు. వయసులో పెద్దాయన, ఎదురు చెప్పడం ఎందుకని తలొంచుకుని విన్నాను. తర్వాత నెమ్మదిగా మెయిల్ రాద్దామనుకున్నా. "అద్దెదారు అభ్యంతరం చెప్పలేదు" అని ఆయన అక్కడే రాసుకున్నాడు. ఆ వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. డిపాజిట్ మొత్తం పోయింది. రెండో ఇంటి దగ్గర అదే మాట వస్తే మా పన్నెండేళ్ల పిల్ల ఓనరు కళ్లలోకి చూసి, "ఈ మరక మేం చేరిన రోజే ఫొటో తీశాం" అంది. గర్వంగానూ ఉంది, పెద్దాయనతో అలా మాట్లాడేసిందేమిటా అని లోపల గుచ్చుకుంటూనూ ఉంది. నువ్వు ఇవాళే ప్రతి గోడా ఫొటో తియ్యి.

ముప్ఫై ఏళ్లకు పైగా బయట ఉంటున్న సభ్యుడు:
రెండూ కలిపితే రెండూ చెడతాయి. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి. మా పిల్లల్ని అలాగే పెంచాను. రెండు సంస్కృతుల అంచున నిలబడ్డవాడి మనసు చీలిపోతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ పార్క్ 1928లోనే రాశాడు.

మనస్తత్వ శాస్త్రం చెప్పే సభ్యురాలు:
బాబాయిగారూ, పార్క్ దగ్గరే ఆగిపోతే ఎలా? 2013లో ఎంగ్యుయెన్, బెనెట్-మార్టినెజ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 83 అధ్యయనాలు కలిపి చూశారు. రెండు సంస్కృతులనీ నిలబెట్టుకోవడానికీ, మనిషి కుదురుగా ఉండటానికీ గట్టి సంబంధమే కనిపించింది. ఇక ఆ గొంతు తగ్గడం నటన కాదు తమ్ముడూ. ఎదురుగా ఉన్న సూచనని బట్టి మనసు లోకాన్ని చూసే తన చట్రం మార్చుకుంటుంది. 2002లో చైనీస్ అమెరికన్లకి రెండు సంస్కృతుల్లో ఒకదాని గుర్తులు చూపించి, గుంపుకి ముందు ఈదుతున్న ఒంటరి చేప బొమ్మ ఇచ్చి, ఎందుకలా ఈదుతోందని అడిగారు. తమలోని రెండూ పొసగుతాయనుకున్నవాళ్లు, చూసిన గుర్తులు ఏ సంస్కృతివో ఆ సంస్కృతి ఆలోచించే తీరులోనే జవాబు చెప్పారు. పొసగవనుకున్నవాళ్లు ఆ తీరుకి ఎదురుగా చెప్పారు.

పంతొమ్మిదేళ్లుగా బయట ఉంటున్న సభ్యుడు:
అంటే బాబాయ్ పద్ధతి తప్పనేగా చెల్లెమ్మా?

ముప్ఫై ఏళ్లకు పైగా బయట ఉంటున్న సభ్యుడు:
తప్పయితే మా పిల్లలు ఇప్పటికీ నాతో తెలుగులో ఎందుకు మాట్లాడతారు?

మనస్తత్వ శాస్త్రం చెప్పే సభ్యురాలు:
తప్పని అనలేదు. రెండు సంస్కృతుల మధ్య దూరం వేరు, ఘర్షణ వేరు. 2005 నాటి పరిశోధన ఈ రెంటినీ విడదీసి కొలిచింది. రెండిటినీ వేర్వేరు గదుల్లో ఉంచుకుని హాయిగా ఉండొచ్చు, బాబాయిగారిలా. కలిపేసుకుని కూడా లోపల నలిగిపోవచ్చు. ఘర్షణ పెరిగేది ఎక్కువగా వివక్ష ఎదురైనప్పుడు, భాష దగ్గర ఇబ్బంది పడ్డప్పుడు, చుట్టూ ఉన్నవాళ్లతో సంబంధాలు బిగిసినప్పుడు. అన్నయ్యా, ఆ ఓనరు ముందు నిన్ను నలిపింది నీ పెంపకం కాదు. నీ మౌనాన్ని వాడుకున్న మనిషి.

ఇక్కడే పెరిగిన సభ్యురాలు:
అంకుల్, మీ అమ్మాయి తప్పు పట్టలేదేమో. నేనూ పదేళ్లప్పుడు అమ్మనిలాగే అడిగితే నవ్వి ఊరుకుంది. అడగకూడనిది అడిగానేమోనని చాలాకాలం అనుకున్నా. లెక్కలు ఇక్కడి భాషలో వేస్తాను, దెబ్బ తగిలితే "అమ్మా" అంటాను. అదెప్పుడూ బాధ అనిపించలేదు. ఇక్కడివాళ్లు "అసలు ఎక్కడి నుంచి?" అని అడగడం, సెలవులకి వెళ్తే చుట్టాలు నా యాస విని నవ్వడం, అవే బాధ. దయచేసి ఆమెకి ఏదో ఒక జవాబు చెప్పండి.

కొత్త సభ్యుడు:
నిన్న రాత్రి చెప్పాను. "ఇద్దరూ నేనేనమ్మా" అన్నా. కాసేపు ఆలోచించి, "అయితే తాతయ్యకి ఫోన్ చేసేటప్పుడు నన్నూ పిలువు" అంది. ఇవాళ పిలిచాను. ఫోన్లో తాతయ్య పలకగానే నాకంటే ముందు దాని గొంతే తగ్గింది.