బాపుకు పొటాషియం 5.8 వచ్చింది, స్పైరో గోలీ ఆపేయాలా?

ప్రశ్న (పరకాల నుంచి)

అందరికీ నమస్తే. మా బాపుకు 68 ఏండ్లు. సంక్రాంతి తర్వాత ఆయాసం, కాళ్ల వాపు వస్తే హనుమకొండలో చూపించాం. ఎకో తీసి గుండె పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. ఇప్పుడు ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీరు తీసే గోలీ), స్పైరోనోలాక్టోన్ 25 (స్పైరో), రెండు పూటలా సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ వేసుకుంటున్నాడు. వాపు దిగింది, రాత్రి కూర్చోకుండా పడుకోగలుగుతున్నాడు.

ఉప్పు తగ్గించమన్నారని నేనే అడిగి 'లో సోడియం' ఉప్పు తెచ్చాను. ఎండలకు నీరసపడుతున్నాడని రోజూ ఒక కొబ్బరి బోండాం తాగిస్తున్నాను. నిన్న రక్త పరీక్షలో పొటాషియం 5.8 (మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలట), కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చాయి. మనిషి బాగానే ఉన్నాడు. మా డాక్టర్ సోమవారం గానీ రారు. పక్కింటివాళ్లు స్పైరో ఆపేయమంటున్నారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు (కాజీపేట, ల్యాబ్ టెక్నీషియన్)

సోమవారం దాకా ఆగకండి. ఈ రోజే ఏదైనా పెద్ద దవాఖానకు తీసుకెళ్లి ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ ఇవ్వండి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలినా పొటాషియం ఎక్కువ చూపిస్తుంది, అందుకే రెండోసారి. కానీ అదే అయి ఉంటుందని ఇంట్లో కూర్చోవద్దు. పొటాషియం పెరిగినా చాలామందికి పైకి ఏమీ తెలియదు. కండ్లు తిరిగినా, దడ వచ్చినా, కాళ్లు చేతులు పట్టు తప్పినా 108కి ఫోన్ చేయండి.

జవాబు (హనుమకొండ, రిటైర్డ్ టీచర్)

చెల్లె, ముందు ఆ ఉప్పు ప్యాకెట్ తిప్పి వెనక చదువు. పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. సోడియం తగ్గించి ఆ జాగాలో పొటాషియం కలుపుతారు. మీ బాపు వేసుకునే స్పైరో, వాల్సార్టాన్ రెండూ పొటాషియంను ఒంట్లోనే ఆపుతాయి, ఫ్యూరోసెమైడ్ ఒక్కటే బయటికి పంపుతుంది. పైనుంచి ఆ ఉప్పు, బోండాం. కొబ్బరి నీళ్లు పొటాషియంలో అరటిపండుకు తక్కువేం కాదు.

మా ఆయనకు రెండేండ్ల కింద 6.1 వచ్చింది. మోకాళ్ల నొప్పికని నేను తెచ్చిన డైక్లోఫెనాక్ నాలుగు రోజులు వేసుకున్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ గోలీ కిడ్నీని దెబ్బతీస్తుందని, నీరు పట్టిస్తుందని నాకు తెలియదు. ఐసీయూలో మానిటర్ మీద గీత గుడారాల్లా మొనదేలి లేస్తోంది. నర్సు గడియారం చూసుకుంటూ కాల్షియం ఇంజెక్షన్ మెల్లగా ఎక్కించింది. ఆ కొన్ని నిమిషాలు నేను ఊపిరి పీల్చుకున్నట్టు గుర్తు లేదు.

అప్పటినుంచి మా వంటే మారింది. పాలకూర పప్పు, టమాట తొక్కు, పచ్చిపులుసు బందు. బీరకాయ, సొరకాయ, దొండకాయ చేస్తాను. ఆలుగడ్డ కావాలంటే సన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తాను. మామూలు ఉప్పే, కానీ ఆయన రోజంతటికీ ఒక చిన్న చెంచా పొద్దున్నే స్టీలు గిన్నెలో తీసిపెడతాను. అది అయిపోతే ఆ రోజుకు అంతే. పొద్దున ఒంటేలుకు పోయొచ్చాక, చాయ్ తాగకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాస్తాను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే డాక్టర్‌కు ఫోన్.

జవాబు (వరంగల్, హౌస్ సర్జన్)

అక్క చెప్పింది నిజం. స్పైరోను మాత్రం పక్కింటివాళ్ల మాట మీద మానేయకండి. 1999లో వచ్చిన రేల్స్ అధ్యయనంలో ఈ గోలీ వేసుకున్న గుండె వైఫల్యం రోగుల్లో మరణం ముప్పు 30 శాతం తగ్గింది. సాధారణంగా 5.5 దాటితే మోతాదు సగం చేస్తారు, 6 దాటితే ఆపుతారు. మీ బాపుకు ఏది సరైనదో ఈ రోజు చూసే డాక్టర్ చెప్తారు. వాంతులు, విరేచనాలు అయితే కూడా వెంటనే అడగండి. అప్పుడు పొటాషియం అటైనా ఇటైనా పోవచ్చు. 3.5 కంటే పడిపోయినా గుండె లయ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు

వెళ్లొచ్చాం. ఈసీజీ బాగుంది, రెండోసారి 5.6 వచ్చింది. స్పైరో సగం గోలీ చేశారు, వారం తర్వాత మళ్లీ పరీక్ష. ఉప్పు ప్యాకెట్ చెత్తబుట్టలో వేశాను. అక్కా, బాపు రాత్రి పచ్చిపులుసు అడుగుతున్నాడు. పలచగా చేసి పోయొచ్చా?

జవాబు (హనుమకొండ, రిటైర్డ్ టీచర్)

వచ్చే వారం రిపోర్ట్ రానీ చెల్లె. 5 లోపుకు దిగితే డాక్టర్‌ను అడిగి అరగ్లాసు పోయి. ఈ రాత్రికి బీరకాయ కూర చేసి, పక్కన కూర్చుని తినిపించు.