టోమోగ్రఫీని ‘పొరల చిత్రణ’ అనవచ్చునా?

భూకంప తరంగాల సాయంతో భూప్రావారపు (భూమి పైపెంకుకూ నడిమి గర్భానికీ మధ్య ఉండే మందపాటి భాగం, ఆంగ్లంలో ‘మాంటిల్’) లోపలి నిర్మాణాన్ని చిత్రించే ‘సైస్మిక్ టోమోగ్రఫీ’ని తెలుగులో ‘భూపొరల చిత్రణ’ అనవచ్చునా అని సభ్యులొకరు అడిగారు. మాట తేలికగానే ఉంది గానీ, ఆ పద్ధతి చేసే పనిని అది తలకిందులు చేస్తుందని నా అభిప్రాయం.

గ్రీకులో ‘టోమోస్’ అంటే కోసిన ముక్క. ఆ కోత మనం చూడడానికి పెట్టుకున్నదే తప్ప భూమిలో ఉన్న పొర కాదు. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి ‘కాండం అడ్డుకోత’ గుర్తుండే ఉంటుంది. లేత కాండాన్ని బ్లేడుతో పలుచగా తరిగి, శాఫ్రనిన్ రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెడితే దారువు ఎర్రగా తేలేది. టోమోగ్రఫీ చూపేదీ అటువంటి కోతనే. కాకపోతే ఇక్కడ బ్లేడు లేదు, కోత లెక్కలో పడుతుంది.

ఆ లెక్క మూలసూత్రం సులువే. జపాన్‌లో భూకంపం వస్తే దాని పి తరంగం (అన్నిటికన్నా ముందు చేరే భూకంప తరంగం) ప్రావారం గుండా సుమారు 10 నిమిషాల్లో హైదరాబాదు చేరుతుంది. ఎంత దూరానికి ఎంత సేపు పట్టాలో చెప్పే ప్రామాణిక పట్టికలోని సమయానికన్నా అది ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే దారిలో ఎక్కడో వేడెక్కిన శిల ఉండవచ్చు, ముందే వస్తే చల్లని బిరుసు శిల ఉండవచ్చు. ఎక్కడన్నది మాత్రం ఒక్క తరంగం చెప్పలేదు. హైదరాబాదు నుంచి విజయవాడ బస్సూ, ఖమ్మం బస్సూ రెండూ ఆలస్యమై, వరంగల్ బస్సు వేళకే చేరితే, మొదటి రెండూ కలిసి నడిచే సూర్యాపేట దాకా ఉన్న రోడ్డును అనుమానిస్తాం కదా! ఒకదాన్నొకటి ఖండించుకునే వేలాది తరంగ మార్గాల మీద కంప్యూటరు చేసేది ఈ అనుమానమే.

అలా తేలిన చిత్రంలో కనిపించేవి ఉల్లిపొరల వంటి వరుసలు కావు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న ప్రావారంలో, మన దేశం కిందనే, తరంగాలు వేగంగా సాగే శిలాఖండాలు ఉన్నాయని 1999లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. భారత భూభాగం ఉత్తరానికి జరుగుతుండగా లోపలికి కుంగిపోయిన, ఇప్పుడు లేని ప్రాచీన టెథిస్ సముద్రపు అడుగు పలకల శేషాలుగా వాటిని భావిస్తున్నారు. ఇక ఆఫ్రికా కింద, పసిఫిక్ కింద, ప్రావారం అట్టడుగున, ఎస్ తరంగాలు (పి తరంగాల తరువాత చేరే రెండో రకం) నెమ్మదించే రెండు మహాకాయాలు ఉన్నాయి. పొరల వరుసకు లొంగని వీటిని చూపించే విద్యకు ‘పొరల చిత్రణ’ అని పేరు పెడితే పాఠకుడికి కనబడవలసినదే మరుగున పడుతుంది.

మరొకరు ‘ప్రావారం’ అన్న మాటనే తీసేయమన్నారు. అది అక్కరలేదు. అమరకోశంలో ప్రావారం ఉత్తరీయానికి పర్యాయపదం. ఆంగ్ల మూలపదం ‘మాంటిల్’కూ పైవస్త్రమనే అర్థం. అయితే కొందరు రాసేటట్లు ప్రావారమంతా ‘కరిగిన శిలాద్రవం’ కాదు. ద్రవంలో సాగలేని ఎస్ తరంగాలు దాని గుండా సాగుతున్నాయంటే అది ప్రధానంగా ఘనపదార్థమే.

తేట తెలుగు మీద మక్కువతో నేను మొదట ‘భూమి కోత చిత్రణ’ అని రాసుకున్నాను. కానీ ఉప్పాడ తీరం వార్తలు చదివే మనకు ‘భూమి కోత’ అనగానే సముద్రం మింగిన ఇళ్లే గుర్తొస్తాయి. అందుకే, కొంచెం బరువైనా, ‘భూకంప తరంగ ఛేదచిత్రణ’ (ఛేదం అంటే కోత) మేలనుకుంటున్నాను. వ్యాసంలో ఈ మాటను మొదటిసారి వాడినచోట ‘అడ్డుకోత వంటిది’ అని ఒక్క వాక్యం చేర్చి, తరువాత ‘టోమోగ్రఫీ’ అనే రాసుకుపోయినా నాకు అభ్యంతరం లేదు.