గంజాయి తగ్గి మాత్రలు పెరిగిన పట్టణాల్లో పోలీసు కేసులు ఎందుకు నిలబడటం లేదు?

జిల్లాపేజీ:
2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో గంజాయి తోటలు నరికారు. 2024లో ఆంధ్రలో మత్తుమందుల కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. అయినా మున్సిపాలిటీ స్థాయి ఊళ్లలో ప్రెస్‌మీట్ అంటే ఇప్పటికీ గంజాయి ప్యాకెట్లు పేర్చి, ముసుగులేసిన కుర్రాళ్లను వెనక నిలబెట్టడమే. రిమాండ్ రిపోర్టుల్లో మాత్రం సరుకు మారింది. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ సీసాలు, నొప్పి మాత్రలు ట్రమడాల్, టపెంటడాల్, ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం, జిమ్ కుర్రాళ్లు వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు కనపడుతున్నాయి. వీటన్నిటికీ గంజాయి కేసు పద్ధతే సరిపోతుందా? మెడికల్ షాపు మీద ఎస్సై నేరుగా కేసు కట్టొచ్చా? తెలిసినవాళ్లు సెక్షన్లతో సహా చెప్పగలరు.

నామా_నకలు:
సరిపోదండీ. ముందు తూకం దగ్గరే లెక్క మారుతుంది.

మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్ ప్రకారం గంజాయికి చిన్న పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. హాష్ ఆయిల్‌ను చట్టం చరస్ కింద లెక్కగడుతుంది కాబట్టి 100 గ్రాములు, 1 కిలో. అల్ప్రాజోలానికి 5 గ్రాములు, 100 గ్రాములు. ట్రమడాల్ 2018లో ఆ చట్టంలోని సైకోట్రాపిక్ (మనసు మీద పనిచేసే మందుల) జాబితాలో చేరింది, దానికి 5 గ్రాములు, 250 గ్రాములు. వాణిజ్య పరిమాణం దాటితే 10 నుంచి 20 ఏళ్ల శిక్ష, బెయిల్‌కు సెక్షన్ 37 అడ్డు.

మాత్రలో మందు ఎంతున్నా మొత్తం బరువు చూడాలని 2020లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం మాత్ర ఒక్కోటి 100 మిల్లీగ్రాములు తూగిందనుకోండి. అవి 1,000 దాటితే వాణిజ్య పరిమాణమే, అందులో అసలు మందు అర గ్రాము దగ్గరే ఉన్నా సరే. అదే మందు పొడి రూపంలో 90 గ్రాములు దొరికితే వాణిజ్యం కిందికి రాదు. ఆ పొడి 1,80,000 మాత్రల మోతాదుకు సమానం. కాబట్టి "ఎన్ని గ్రాములు పట్టాం" అన్న లెక్కతో ఊళ్లో మార్కెట్ ఎంతుందో చెప్పలేం. నెలవారీ రివ్యూల్లో మాత్రం అదే అడుగుతారు.

ఇక కేసులు వీగిపోయే చోట్లు. సోదా పెట్టేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా చేయించుకునే హక్కుందని సెక్షన్ 50 కింద నిందితుడికి చెప్పాలి. హక్కు అన్న సంగతి స్పష్టంగా చెప్పాలని 2010లో విజయ్‌సిన్హ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం అంది. మన దగ్గర జరిగేదేంటంటే, సరుకు మోసుకొచ్చేవాడు ఒడియా మాత్రమే తెలిసినవాడు, నోటీసు తెలుగులో సైక్లోస్టైల్ కాపీ, కింద వేలిముద్ర. ఎవరు ఏ భాషలో అనువదించి చెప్పారో పంచనామాలో ఒక్క ముక్క ఉండదు. ముగ్గురికి కలిపి ఒకే నోటీసు ఇచ్చే అలవాటూ ఉంది, అది చెల్లదని 2014లో పర్మానంద్ తీర్పు. సెక్షన్ 50 ఒంటి మీద సోదాకే, విడిగా సంచి ఒక్కదాన్నే వెతికితే వర్తించదు. సంచితో పాటు జేబులూ తడిమితేనే చిక్కు.

శాంపిల్ విషయం ఇంకా ముఖ్యం. అక్కడికక్కడే చారెడు తీసి కవర్లో వేసి సీలు కొట్టే పాత పద్ధతి పోయింది. 2016 మోహన్‌లాల్ తీర్పు, 2022 డిసెంబర్ రూల్స్ ప్రకారం సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలి. గంజాయి, చరస్ అయితే 24 గ్రాములు, మాత్రలయితే 5 గ్రాములు, రెండేసి చొప్పున.

పచ్చి గంజాయి ఆరితే బరువు తగ్గుతుంది. 21 కిలోలని రాసింది మేజిస్ట్రేట్ ముందుకొచ్చేసరికి 19 అయితే డిఫెన్సు లాయరుకు పండగే. పట్టుకున్నప్పుడు తడిగా ఉందని, ఆకులూ గింజలూ ఎంత, పూతకొమ్మలు ఎంత అని పంచనామాలోనే రాయాలి. పూతకొమ్మలతో కలవని ఆకులు, గింజలు చట్టం దృష్టిలో గంజాయే కావు.

షెడ్యూల్‌హెచ్:
మెడికల్ షాపు ప్రశ్నకు నేను చెప్తాను.

డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం నాలుగో చాప్టర్ నేరాలకు పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టడానికి వీల్లేదు. 2020 ఆగస్టులో అశోక్ కుమార్ శర్మ కేసులో సుప్రీంకోర్టు మాట ఇది. ఎస్సై తన దగ్గరకొచ్చిన ఫిర్యాదును డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు పంపాలి, ఆయనే ప్రాసిక్యూషన్ వేయాలి. లైసెన్స్ లేకుండా అమ్మితే 27(బీ)(2) కింద కనీసం 3 ఏళ్లు. ఇన్‌స్పెక్టర్ లేకుండా వెళ్లి షాపు సీజ్ చేసి, కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ సెక్షన్లు రెండు తగిలించి వచ్చిన కేసులు ఎంత దూరం పోతాయో మీకే తెలుసు. మెఫెంటర్మిన్ ఎన్డీపీఎస్ జాబితాలో లేదు. దానికి ప్రధానమైన దారి ఇదే.

పోలీసులు చేసే పెద్ద పొరపాటు స్ట్రిప్పులు చింపి మాత్రలు లెక్కబెట్టడం. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ స్ట్రిప్పు ఒక అంచున ముద్రించి ఉంటాయి. అవి పోతే సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకోలేరు. బ్యాచ్ నంబరు చేతిలో ఉంటే కంపెనీ నుంచి స్టాకిస్టు, అతన్నుంచి రిటైలర్ దాకా ఇన్‌వాయిస్‌లు ఒక్కోటీ తెప్పించుకోవచ్చు. ఒకే డబ్బాలో మూడు బ్యాచ్‌లుంటే మూడు లాట్లుగా రాయండి, శాంపిళ్లూ విడివిడిగా తీయించండి.

ఆ తర్వాత షాపులో హెచ్1 రిజిస్టర్ అడగండి. ట్రమడాల్, అల్ప్రాజోలం అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది అందులో రాయాలి, 3 ఏళ్లు దాచాలి. కొనుగోలు బిల్లుల్లో 600 స్ట్రిప్పులు, రిజిస్టర్లో 40, అల్మరాలో 20 ఉన్నాయంటే మిగతా 540కి జవాబు చెప్పాల్సింది షాపువాడే. లైసెన్స్ సస్పెన్షన్‌కు ఈ లెక్క చాలు. కోర్టు తీర్పు కోసం ఏళ్లకేళ్లు ఆగక్కర్లేదు. చిన్న ఊళ్లో నాలుగు షాపులుంటే ఒకదాని షట్టర్ పదిరోజులు దించితే మిగతా మూడూ రిజిస్టర్ రాయడం మొదలుపెడతాయి.

నామా_నకలు:
ఒక్క సవరణండీ. లైసెన్స్ ఉన్న షాపు కాబట్టి ఎన్డీపీఎస్ అంటదని ఎవరూ అనుకోవద్దు. వైద్య అవసరానికి, రూల్స్ ప్రకారం జరగని అమ్మకం ఎన్డీపీఎస్ సెక్షన్ 8 నిషేధం కిందికే వస్తుందని 2014 దేశ్‌పాండే తీర్పు. ట్రమడాల్, అల్ప్రాజోలం అయితే రెండు చట్టాలూ పక్కపక్కనే నడపొచ్చు. జాబితాలో లేని మందులకే మీరన్నది పూర్తిగా వర్తిస్తుంది.

జిల్లాపేజీ:
పట్టుబడ్డ కుర్రాడు "ఫలానావాడు ఇచ్చాడు" అని చెప్పేస్తే పైవాణ్ని లాగొచ్చు కదా? ప్రతి రిమాండ్ రిపోర్టులో అదే కథ.

నామా_నకలు:
ఆ వాక్యం మీద కట్టిన కేసు కోర్టులో నిలబడదు. సెక్షన్ 67 కింద అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం నేరాంగీకారంగా చెల్లదని 2020లో తూఫాన్‌సింగ్ కేసులో చెప్పారు. పైవాణ్ని పట్టాలంటే యూపీఐ చెల్లింపులు, కాల్ రికార్డులు, టవర్ లొకేషన్, పార్శిల్ బుకింగ్ రసీదు కావాలి. చిన్నమొత్తాలు ఒకే నంబరుకు రోజూ పదిమంది నుంచి వెళ్తుంటే అది చాలా బలమైన ఆధారం. ఫోన్ సీజ్ చేశాక ఎవరూ తెరిచి గీకకూడదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ప్యాక్ చేసి ల్యాబుకు పంపండి. హాష్ విలువతో (డేటా మారలేదని చూపే డిజిటల్ గుర్తు) భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతపరచండి. 2024 జులై నుంచి సోదా, సీజ్ వీడియో తీయడం కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 105 కింద తప్పనిసరి. సరుకు బయటికి తీశాక మొదలైన వీడియో ప్రాసిక్యూషన్‌కు మేలు కంటే కీడే చేస్తుంది.

ఓపీ_చీటీ:
ఒక్క విషయం అందరూ వదిలేశారు. సరుకు ఒక్కసారిగా ఆగితే వాడేవాళ్ల పరిస్థితి ఏంటి?

గంజాయి ఆగితే నిద్ర పట్టదు, చిరాకు, అంతవరకే. అల్ప్రాజోలం అలా కాదు. రోజూ వాడేవాడికి హఠాత్తుగా ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడల్లా ఆస్పత్రులకు జనం ఇలాగే వచ్చారు. కల్లులో కలిపేవాటిలో ఈ మందూ ఉంది. కాబట్టి పెద్ద దాడికి ముందు ఏరియా ఆస్పత్రి సూపరింటెండెంటుకు చెప్పాలి. ఊరు పేరు అక్కర్లేదు, "రెండ్రోజుల్లో విత్‌డ్రాయల్ కేసులు రావచ్చు, డయాజెపామ్ నిల్వ చూసుకోండి" అంటే చాలు.

లాకప్‌లో ఉన్నవాడు వణికితే "నటిస్తున్నాడు" అనుకోవద్దు. బీఎన్‌ఎస్‌ఎస్ 53 వైద్య పరీక్షలోనే ఏం వాడతాడు, ఎన్ని మాత్రలు, చివరిసారి ఎప్పుడు అని రాయించండి. ట్రమడాల్, టపెంటడాల్ వాడేవాళ్ల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. జైల్లో కొన్నాళ్లు ఆపితే శరీరానికి తట్టుకునే శక్తి తగ్గుతుంది, బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు.

చిన్న పరిమాణంతో దొరికినవాడు ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే అది పోవచ్చు. ఈ సెక్షన్ స్టేషన్లలో ఎవరూ చెప్పరు, కుటుంబమే అడగాలి. డీఅడిక్షన్‌కు జాతీయ నంబరు 14446.

ఇంకోటి, మార్కెట్ మారిందని అందరికంటే ముందు తెలిసేది క్యాజువాలిటీకే. మోచేతి మడతలో చీముగడ్డలతో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు వరసగా వస్తే మాత్రలు నూరి ఎక్కించుకుంటున్నారేమో అనుకోవాలి. పేర్లు ఇవ్వకుండా వారానికోసారి ఎన్ని కేసులు, ఏ రకం అన్న ఒక్క కాగితం సీఐకి వెళ్తే చాలు.

జిల్లాపేజీ:
ఆ కాగితం ఇప్పుడెక్కడైనా పంపుతున్నారా?

ఓపీ_చీటీ:
అది అడిగే సీఐని బట్టి ఉంటుందండీ. రాతపూర్వకంగా అడగమనండి, ఫోన్లో అడిగితే ఏ డాక్టరూ ఇవ్వడు.