చిన్న విమానంలో నావిగేషన్‌కి ఏ ట్యాబ్లెట్ కొనాలి? ఇంట్లో ఉన్న వైఫై ఐప్యాడ్ సరిపోతుందా?

డెంటన్_172:
అందరికీ నమస్కారం అండి. నేను డాలస్ దగ్గర డెంటన్‌లో ప్రైవేట్ పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నా. సెస్నా 172, ప్యానెల్ అంతా రౌండ్ గేజ్‌లే, ఒక పాత జీపీఎస్ ఉంది కానీ దాని స్క్రీన్ అరచేతిలో సగం కూడా ఉండదు. ఇప్పటిదాకా పేపర్ సెక్షనల్ (పైలట్ల మ్యాప్) మీద గీత గీసుకుని, వాచీ చూసుకుంటూ, కింద రోడ్లూ చెరువులూ పోల్చుకుంటూ వెళ్తున్నాం, సోలో క్రాస్ కంట్రీలు (ఒంటరిగా వేరే ఊరి ఎయిర్‌పోర్ట్ దాకా ఎగరడం) మొదలవబోతున్నాయి కాబట్టి ఇక ట్యాబ్లెట్ చూసుకోమని ఇన్‌స్ట్రక్టర్ అన్నారు. ఇంట్లో పిల్లలు వాడిన 11 ఇంచుల వైఫై ఐప్యాడ్ ఖాళీగా ఉంది, దాంతో పనైపోతుందా? లేక కొత్తది కొనాలా, కొంటే మినీనా పెద్దదా, ఆండ్రాయిడ్ అయితే ఏమైనా ఇబ్బందా? యాప్ సబ్‌స్క్రిప్షన్ కాకుండా 700 డాలర్ల వరకు పెట్టగలను. నిజంగా వాడుతున్నవాళ్ళు చెప్తే మేలు.

టెక్సోమా_సీఎఫ్ఐ:
ముందు ఒక్క విషయం తేల్చుకోండి, మీ ఐప్యాడ్ వైఫై మాత్రమే అంటే అందులో జీపీఎస్ చిప్ లేదు. ఇంట్లో మ్యాప్‌లో మీ వీధి కరెక్ట్‌గా చూపిస్తుంది కదా అనుకుంటారు, అది చుట్టుపక్కల వైఫై రౌటర్లని బట్టి చూపించేది, 3,500 అడుగుల్లో అవేమీ ఉండవు. సెల్యులార్ మోడల్‌లోనే జీపీఎస్ ఉంటుంది. దానికి సిమ్ వేయక్కర్లేదు, నెల నెలా డేటా ప్లాన్ కట్టక్కర్లేదు, చిప్ లోపల ఉంటే చాలు. ఏర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ ఆగదు, గాల్లో సెల్ రేడియో ఆపేయాలన్నది ఎలాగూ ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం సంస్థ) రూల్. కాకపోతే నెట్ లేనప్పుడు మొదటిసారి పొజిషన్ దొరకడానికి కాస్త టైమ్ పడుతుంది, ప్రీఫ్లైట్ మొదలుపెట్టేటప్పుడే ఆన్ చేసి ఆకాశం కనపడేచోట పెట్టండి.

కొనే ముందు మీ స్కూల్‌లో ఒక మాట అడగండి, ఆ విమానంలో ట్రాన్స్‌పాండర్ (కంట్రోలర్ల రాడార్‌కి జవాబిచ్చే రేడియో పెట్టె) ఏది అని. 2020 జనవరి 1 నుంచి డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ పెద్ద ఎయిర్‌పోర్ట్) చుట్టూ 30 నాటికల్ మైళ్ళ లోపల ఏడీఎస్-బీ ఔట్ (విమానం తన పొజిషన్‌ని తానే రేడియోలో చెప్పే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి చాలా స్కూళ్ళు అప్పట్లో కొత్త ట్రాన్స్‌పాండర్లు వేయించాయి. అది గార్మిన్ జీటీఎక్స్ 345 అయితే బ్లూటూత్‌లో మీ ట్యాబ్లెట్‌కి జీపీఎస్ పొజిషన్, ట్రాఫిక్, వెదర్ మూడూ పంపిస్తుంది, అప్పుడు మీ పాత వైఫై ఐప్యాడ్ కూడా పనికొస్తుంది. కానీ రేపు వేరే విమానం ఇస్తే మళ్ళీ గుడ్డిదైపోతుంది, అందుకే నా ఓటు సెల్యులార్‌కే.

సైజు సంగతి, 172లో మినీయే. 8.3 ఇంచులు, 300 గ్రాముల లోపు, తొడ మీద నీబోర్డ్‌లో పెట్టినా యోక్ (విమానం స్టీరింగ్) పూర్తిగా వెనక్కి లాగొచ్చు. 11 ఇంచులది తొడ మీద పెడితే ఫ్లేర్‌లో (దిగే ముందు ముక్కు పైకెత్తేటప్పుడు) యోక్ దానికి తగులుతుంది, ఆ టైమ్‌లో చెయ్యి ఆగకూడదు. విమానం ఆపి ఉన్నప్పుడే సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకుని, యోక్ చివరి దాకా లాగి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి.

హూస్టన్_ఆండ్రాయిడ్:
ఐప్యాడ్ తప్ప ఇంకేమీ లేదన్నట్టు అందరూ చెప్తారు, అలా ఏం కాదు. ఫోర్‌ఫ్లైట్ అనే నావిగేషన్ యాప్ ఐప్యాడ్, ఐఫోన్‌లలోనే నడుస్తుంది, అది నిజం, మీ ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే వాడుతుంటే నేర్చుకోవడానికి అది సులువు, ఒప్పుకుంటా. కానీ గార్మిన్ పైలట్ ఆండ్రాయిడ్‌లో కూడా ఉంది, ఎఫ్ఎల్‌టీప్లాన్ గో అయితే ఫ్రీ, ఎవేర్ అయితే ఫ్రీ ప్లస్ ఓపెన్ సోర్స్, అమెరికా చార్టులన్నీ ఎఫ్ఏఏ (అక్కడి విమానయాన శాఖ) పబ్లిక్‌గా ఉచితంగా ఇస్తుంది కాబట్టే ఇలాంటివి సాధ్యం. ఇంకో లాభం, శాంసంగ్ ట్యాబ్‌లలో చాలావాటికి వైఫై మోడల్‌లోనే జీపీఎస్ ఉంటుంది, స్పెక్స్ చూసుకుని కొనాలి అంతే. సబ్‌స్క్రిప్షన్ ప్రతి ఏడాదీ కట్టేది కదా, ట్రైనింగ్‌కే గంటకి అంత పోస్తున్నప్పుడు అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ట్రాఫిక్, వెదర్ పట్టే రిసీవర్ విడిగా కావాలనుకుంటే స్ట్రాటక్స్ అని ఉంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో మనమే కట్టుకోవచ్చు, రెడీమేడ్‌గా కూడా దొరుకుతుంది, ఐప్యాడ్‌కీ ఆండ్రాయిడ్‌కీ రెండిటికీ పనిచేస్తుంది. సెంట్రీ అనే రిసీవర్ అయితే ఫోర్‌ఫ్లైట్ వాళ్ళకే, కానీ దాంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది, చలికాలం హీటర్ వేసుకుని ఎగిరేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. సెంట్రీ మినీలో ఆ అలారం లేదు, బ్యాటరీ కూడా లేదు, పేరు చూసి కన్ఫ్యూజ్ అవ్వకండి.

ఫీనిక్స్_ఎండలు:
ఎవరూ ఎండ గురించి రాయలేదేంటి. టెక్సాస్‌లో జులైలో ఎగిరే మనిషికి ముందు చెప్పాల్సింది అదే. ఐప్యాడ్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ రాసింది, ర్యాంప్ (విమానాలు ఆపే చోటు) మీద ఆగి ఉన్న 172 లోపల మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకే తెలుసు. విండ్‌షీల్డ్‌కి సక్షన్ కప్ పెట్టి, వెనక మందపాటి కేస్ ఉంచి, చార్జర్ కూడా గుచ్చి, బ్రైట్‌నెస్ ఫుల్లు పెడితే అది నిలబడదు. ముందు స్క్రీన్ దానంతటదే డిమ్ అవుతుంది, తర్వాత చార్జింగ్ ఆగిపోతుంది, ఆ తర్వాత నల్ల స్క్రీన్ మీద థర్మామీటర్ బొమ్మ వస్తుంది, ఇక చల్లబడేదాకా అది మీ మాట వినదు. మొదటి రెండూ కనిపించగానే నీడలోకి తీసెయ్యండి. 172లో విండ్‌షీల్డ్ పైమూలల్లో బయటికి లాగి తెరిచే గాలి గొట్టాలు ఉంటాయి కదా, ఆ గాలి తగిలేలా పెట్టుకుంటే చాలా తేడా ఉంటుంది. ఇంటి దగ్గరే ఫుల్ చార్జ్ చేసుకుని వెళ్ళండి, వేడిలో చార్జింగ్ పెట్టకండి, ల్యాండ్ అయ్యాక లంచ్‌కి పోతూ గ్లేర్‌షీల్డ్ (డ్యాష్‌బోర్డ్ పైభాగం) మీద వదిలేసి వెళ్ళకండి. ఫ్యాన్ ఉన్న మౌంట్లు కూడా అమ్ముతున్నారు, ఎండల ఊళ్ళో ఉండేవాళ్ళకి అవి దండగ కాదు.

కళ్ళద్దాలు కూడా చూసుకోండి. పోలరైజ్డ్ అయితే ట్యాబ్లెట్‌ని ఒక వైపు తిప్పినప్పుడు స్క్రీన్ నల్లగా కనిపించే అవకాశం ఉంది. షాపులోనే అద్దాలు పెట్టుకుని నిలువుగా, అడ్డంగా రెండు రకాలా చూడండి.

బేగంపేట్_కుర్రాడు:
అన్నా నేను హైదరాబాద్‌లో ట్రైనింగ్, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇక్కడికి వచ్చి ఎగరాలనుకునేవాళ్ళు చదువుతారని రాస్తున్నా. అమెరికాలో గ్రౌండ్ టవర్ల నుంచి ఫ్రీగా వచ్చే వెదర్, ట్రాఫిక్ ఇక్కడ రావు, కాబట్టి ఆ రిసీవర్ మీద డబ్బు పెట్టి తెచ్చుకోవద్దు. మాకు ట్యాబ్లెట్ అంటే ఎక్కువగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఈ-ఏఐపీ (ఎయిర్‌పోర్ట్‌ల, రూట్ల అధికారిక సమాచారం) పీడీఎఫ్‌లు, చెక్‌లిస్టులు, వెయిట్ అండ్ బ్యాలెన్స్ లెక్కలు. జీపీఎస్ ఉన్న చిన్న ట్యాబ్ చాలు.

టెక్సోమా_సీఎఫ్ఐ:
దూరినా మంచి మాట చెప్పావు తమ్ముడూ. డెంటన్ గారూ, ఆ వెదర్ గురించి ఇంకొంచెం రాస్తా, ఎందుకంటే కొత్తవాళ్ళకి దీంట్లోనే ప్రమాదం ఉంది. ట్యాబ్లెట్ మీద వచ్చే రాడార్ బొమ్మ ఇప్పటిది కాదు. పక్కన ఒక నిమిషం క్రితం అని రాసి ఉన్నా, అది ఆ బొమ్మ తయారైన టైమ్, అందులోని వాన అంతకంటే పాతది. తేడా 15, 20 నిమిషాలు కూడా దాటొచ్చని ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో విమాన ప్రమాదాలు విచారించే సంస్థ) 2012లోనే సేఫ్టీ అలర్ట్ ఇచ్చింది, ప్రాణాలు పోయిన కేసులు చూపించి మరీ. మన దగ్గర స్ప్రింగ్‌లో ఉరుముల మబ్బు 20 నిమిషాల్లో ఎంత దూరం వస్తుందో తెలుసు కదా. ఆ బొమ్మ చూసి రెండు మబ్బుల మధ్య సందులోంచి దూరిపోదాం అనుకోకూడదు, దూరం నుంచే తప్పుకోవడానికి మాత్రమే అది.

జీపీఎస్‌ని కూడా పూర్తిగా నమ్ముకోకండి. 2022 అక్టోబర్‌లో ఇదే డాలస్ చుట్టూ జీపీఎస్ సిగ్నల్ పాడైంది, డీఎఫ్‌డబ్ల్యూలో ఒక రన్‌వే కొంతసేపు మూశారు కూడా. ఆ రోజు ట్యాబ్లెట్ మీద మీ చిన్న విమానం బొమ్మ ఎక్కడ కూర్చున్నా మీకు దారి తెలియాలి. మీరు ఆర్డ్‌మోర్ వెళ్తున్నారనుకోండి, రెడ్ రివర్ దాటాలి, కుడివైపు లేక్ టెక్సోమా కనపడాలి, ఇంటర్‌స్టేట్ 35 ఎడమవైపు ఉండాలి. కిటికీలో ఇవి చూశాకే స్క్రీన్ చూడండి. చెక్‌రైడ్‌లో (లైసెన్స్ కోసం పెట్టే ఫ్లైట్ పరీక్ష) ఎగ్జామినర్ ట్యాబ్లెట్ ఫెయిల్ అయిందని చెప్పి పక్కన పెట్టించొచ్చు.

డెంటన్_172:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. స్కూల్‌లో అడిగా, రెండు విమానాల్లో ఒకదానికే 345 ఉందట. కాబట్టి మినీ సెల్యులార్ తీసుకుంటున్నా, పల్చటి కేస్, నీబోర్డ్. రిసీవర్ ఇప్పుడే వద్దనుకుంటున్నా. పేపర్ చార్ట్ వెంట ఉంచుకోవాలని రూల్ ఉందా?

టెక్సోమా_సీఎఫ్ఐ:
పార్ట్ 91లో (ఎఫ్ఏఏ మామూలు ఫ్లయింగ్ రూల్స్) మన చిన్న విమానానికి పేపరే ఉండాలన్న రూల్ లేదు, కానీ 91.103 ప్రకారం ఆ ఫ్లైట్‌కి అందుబాటులో ఉన్న సమాచారం అంతా తెలుసుకునే బయల్దేరాలి. సెక్షనల్ ఇప్పుడు 56 రోజులకోసారి మారుతుంది, పాతది పెట్టుకుని వెళ్ళకండి. ముందు రోజు రాత్రి రూట్ వేసి చార్టులు డౌన్‌లోడ్ చేశాక, ఏర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, డెంటన్ నుంచి ఆర్డ్‌మోర్ దాకా మ్యాప్‌ని జూమ్ చేసుకుంటూ వేలితో జరిపి చూడండి, ఎక్కడైనా మసకగా ఉంటే అక్కడ డౌన్‌లోడ్ కాలేదని అర్థం. ఫోన్‌లో కూడా అదే యాప్ వేసి అవే చార్టులు దించుకోండి, బ్యాకప్ అది. ఆటోమేటిక్ ఐప్యాడ్‌ఓఎస్ అప్‌డేట్ ఇప్పుడే ఆఫ్ చేసేయండి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు యాప్ వాళ్ళు ఓకే అన్నాకే వేసుకోవచ్చు.