పది నెలల పాప, చేతిలో ప్రమోషన్ లెటర్. ఏం చేయమంటారు?

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. 26 వారాల ప్రసూతి సెలవు అయ్యాక మళ్లీ చేరి నాలుగు నెలలైంది. ఇప్పుడు మేనేజర్ పోస్టు ఇస్తామంటున్నారు. అంటే 14 మంది బాధ్యత, రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా వాళ్లతో కాల్స్.

సరిగ్గా పాప నిద్రకి పేచీ పెట్టే టైం అది. మొన్న కాల్‌లో ఉండగా తలుపు అవతల ఒకటే ఏడుపు. మ్యూట్ చేసి వెళ్లేసరికి నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని అత్తయ్య భుజం మీద వెక్కుతోంది. తిరిగొచ్చి కూర్చున్నాక ఏం చెబుతున్నానో మర్చిపోయాను. అత్తయ్య ఏమీ అనరు, కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 నుంచి చట్టంలో ఉంది. మా హెచ్‌ఆర్‌ని అడిగితే "చూస్తాం మేడమ్" అంటారు. గట్టిగా అడిగితే ప్రమోషన్‌కి అడ్డొస్తుందేమోనని నా భయం.

ఇలాంటప్పుడు పోస్టు తీసుకున్న అమ్మలు ఎవరైనా ఉన్నారా? రాత్రి కాల్స్ వారానికి రెండే అని ముందే రాయించుకోవచ్చా? క్రెష్ సంగతి ఒక్కదాన్నే అడగాలా, నలుగురం కలిసి అడగాలా? ఇంకోటి, ఈమధ్య చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నిద్ర లేకనా, డాక్టర్‌కి చూపించుకోవాలా? మీకు ఎన్నాళ్లకి సర్దుకుంది?